మొదటి జింక వేటకు ఏ లీవర్ రైఫిల్: వించెస్టర్ 94, మార్లిన్ 336, సావేజ్ 99?

మీరు అడిగింది క్లుప్తంగా మళ్ళీ చెప్తాను, పొరపాటుంటే దిద్దండి. పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్ దగ్గర ఉంటున్నారు. గ్రీన్ కార్డు వచ్చాక హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు చేశారు. ఆఫీసులో మీతో పనిచేసే ఒక పెద్దాయన థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం వాళ్ళ వేట క్యాంపుకు రమ్మన్నాడు. పాత తుపాకుల దుకాణంలో మీకు మూడు లీవర్ రైఫిళ్ళు (ట్రిగ్గర్ కింది పిడిని కిందికి, పైకి ఆడిస్తే తర్వాతి తూటా ఎక్కే రకం) నచ్చాయి. 1970లలో చేసిన వించెస్టర్ 94 ఒకటి, అదే రోజుల నాటి మార్లిన్ 336 ఒకటి, రెండూ థర్టీ-థర్టీ (.30-30) తూటావి. మూడోది 300 సావేజ్ తూటాకు చేసిన సావేజ్ 99. మీకు కళ్ళజోడు ఉంది, కాల్పులు సాధన చేసే రేంజిలో తప్ప తుపాకీ పట్టలేదు. ఏది కొనాలి?

మార్లిన్ కొనండి. తొందరలో ఉంటే ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. కానీ నేను మాత్రం పంతొమ్మిదేళ్ళుగా వించెస్టర్ 94 మోస్తున్నాను, కాబట్టి తను ఒకటి వాడుతూ మీకు ఇంకోటి ఎందుకు చెప్తున్నాడని అనుమానం వస్తుంది. దానికి జవాబు చెప్పాలి.

మాది మార్కాపురం వైపు. నల్లమలలో దుప్పులు, కణుజుల వేట గురించి మా తాత చెప్పే కబుర్లు వింటూ పెరిగాను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మా ఇంట్లో వేట కబుర్లకే పరిమితమైంది, అలా అవ్వడమే మంచిది కూడా. ఇక్కడ లెక్క వేరు. ఏ ప్రాంతంలో ఎన్ని ఆడ జింకలను కొట్టొచ్చో రాష్ట్రంలో వేట వ్యవహారాలు చూసే గేమ్ కమిషన్ ఏటా లెక్కగట్టి లైసెన్సులు ఇస్తుంది. నేను వచ్చిన కొత్తలో సీజన్ థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం మొదలయ్యేది, పల్లెటూరి బడులకు ఆ రోజు సెలవు ఇచ్చేవాళ్ళు. 2019 నుంచి శనివారానికి మార్చారు. జింక వేటకు ఇక్కడ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ (ఒకసారి పేలాక తర్వాతి తూటాను తనే ఎక్కించుకునేది) వాడనివ్వరు. అందుకే ఈ రాష్ట్రంలో పాత ఇళ్ళ అటకల మీద వెతికితే లీవర్ రైఫిలో, గొట్టం కింది పిడిని వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించే రెమింగ్టన్ 760 పంపు రైఫిలో దొరుకుతుంది. ఆ పంపు రైఫిల్‌ను సరదాగా ఆమిష్ మెషిన్ గన్ అంటారు (ఆమిష్ అంటే కొత్త యంత్రాలకు దూరంగా బతికే ఇక్కడి క్రైస్తవ వర్గం), క్యాంపులో ఆ మాట వినిపిస్తే కంగారు పడకండి.

ముందు ఒక విషయం ఒప్పుకుందాం. మీరు వెళ్ళబోయే అడవిలో ఈ మూడింటిలో దేనితో కొట్టినా జింకకు తేడా తెలియదు. ఓక్ చెట్లు, హెమ్లాక్ నీడ, నడుము దాకా మౌంటెన్ లారెల్ పొదలు, అంతకుమించి దూరం చూపు పోదు. నా నోట్‌బుక్‌లో రాసుకున్న జింకల్లో చాలావరకు 40 నుంచి 70 గజాల మధ్య పడినవే. అన్నిటికన్నా దూరం కొట్టింది 110 గజాలు, అదీ కరెంటు లైను కోసం చెట్లు కొట్టేసిన దారిలో. 1895లో వచ్చిన థర్టీ-థర్టీ తూటా ఈ దూరాలకు సరిగ్గా సరిపోతుంది. 150 గ్రెయిన్ల (సుమారు పది గ్రాముల) గుండు గొట్టం దాటేటప్పుడు సెకనుకు సుమారు 2,390 అడుగుల వేగంతో పోతుంది. 100 గజాలకు గురి సరిచేసుకుంటే 200 గజాల దగ్గర ఏడెనిమిది అంగుళాలు కిందికి జారుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు వెడల్పే ఎనిమిది అంగుళాలు. అంటే 150 గజాల దాకా పెద్దగా ఆలోచించక్కర్లేదు, ఆ పైన ఆలోచించకూడదు, కొట్టకూడదు. 300 సావేజ్ అదే బరువు గుండును సుమారు 2,630 అడుగుల వేగంతో తోస్తుంది, 200 దగ్గర ఐదు అంగుళాల చుట్టూ జారుతుంది. పొలం అంచున కూర్చునేవాడికి అది లాభమే. మీ పెద్దాయన క్యాంపు కొండ మీదుంటే ఆ లాభం మీకు అందదు.

కాబట్టి తూటా పక్కన పెట్టండి. ఈ మూడింటి మధ్య అసలు తేడా మీ కంటి దగ్గర, మీ బొటనవేలి దగ్గర ఉంది.

బొటనవేలి సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అది నాకు బుద్ధి చెప్పిన సంగతి. వించెస్టర్ 94కు, మార్లిన్ 336కు హ్యామర్, అంటే తూటాను పేల్చే చిన్న సుత్తి, బయటే ఉంటుంది. లీవర్ కిందికి, పైకి ఆడించగానే తూటా లోపలికి వెళ్తుంది, హ్యామర్ వెనక్కి లేచి నిలబడుతుంది. మాటు వేసి కూర్చున్నప్పుడు అలా ఉంచలేం. బొటనవేలితో హ్యామర్‌ను పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి, నెమ్మదిగా ముందుకు దించి, సగం దగ్గర ఉండే హాఫ్ కాక్ గాడిలో కూర్చోబెట్టాలి. ఇంట్లో వెచ్చగా సోఫాలో కూర్చుని చేస్తే సులువే. నా మూడో సీజన్‌లో తెల్లవారి ఏడింటికి, చెయ్యి మొద్దుబారి, ఉన్ని గ్లవ్ వేసుకుని చేశాను. హ్యామర్ జారింది. గుండు నా బూటుకు గజం దూరంలో ఆకుల్లోకి దిగింది. చెవుల్లో గింగురుమంది, కాళ్ళు వణికాయి. కొండ దిగువన కూర్చున్న మా క్యాంపు పెద్దాయన ఏమైందో చూడ్డానికి పైకి వచ్చాడు. నేలలో ఆ చిన్న గుంట చూశాడు, నా చేతులు చూశాడు. "గ్లవ్ తీసేసి చెయ్యి" అని ఒకే మాట అని దిగిపోయాడు. ఆ రోజు మళ్ళీ మాట్లాడలేదు. తప్పు తుపాకీది కాదు. అప్పటినుంచి హ్యామర్ దించాల్సి వస్తే గ్లవ్ తీస్తాను, గొట్టం మెత్తటి నేల వైపు పెడతాను, కంగారుగా ఉంటే అసలు దించను, తూటా బయటికి తీసేస్తాను.

1970ల నాటి వించెస్టర్‌కూ, మార్లిన్‌కూ ఈ హాఫ్ కాకే దిక్కు. మార్లిన్‌కు 1984 నుంచి రిసీవర్ (లోపలి యంత్రం ఉండే లోహపు పెట్టె) వెనక అడ్డంగా నొక్కే సేఫ్టీ బటన్ పెట్టారు. పాతకాలం వాళ్ళు దాన్ని తిట్టుకుంటారు, అందం పోయిందని. ఇంకో గొడవ కూడా ఉంది. బటన్ వేసి మరిచిపోతే ట్రిగ్గర్ నొక్కినప్పుడు హ్యామర్ టక్కుమని పడుతుంది, తూటా పేలదు, జింక మాత్రం ఆ టక్కు విని వెళ్ళిపోతుంది. కొత్తవాళ్ళకు నేనైతే బటన్ ఉన్నదే మేలంటాను. మీకు దొరికినది పాతది కాబట్టి బొటనవేలికి సాధన తప్పదు. ఖాళీ తుపాకీతో, రెండుసార్లు చూసి ఖాళీ అని నిర్ధారించుకుని, గ్లవ్ తీసి, రోజూ ఇరవైసార్లు దించండి.

సావేజ్ 99కు ఈ తలనొప్పి లేదు. హ్యామర్ బయటికి కనబడదు, అంతా లోపలే. ఈ రైఫిల్ గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్తాను, ఓపిక పట్టండి, ఇది నాకు ఇష్టమైన వస్తువు. జమైకాలో పుట్టిన ఆర్థర్ సావేజ్ న్యూయార్క్ రాష్ట్రంలోని యుటికాలో దీన్ని చేశాడు, పేరులోని 99 అంటే 1899. మిగతా రెండింటిలో తూటాలు గొట్టం కింద ఇంకో సన్న గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. వెనక తూటా మొన ముందు తూటా ప్రైమర్‌కు (దెబ్బ తగిలితే తూటాను పేల్చే వెనక బిళ్ళకు) ఆనుకుని ఉంటుంది, అందుకే వాటిలో సూదిమొన గుండ్లు వాడకూడదు, తుపాకీ అదిరినప్పుడు లోపలే పేలే ప్రమాదం ఉంది. సావేజ్ తూటాలను చక్రం లాంటి మ్యాగజైన్‌లో (తూటాలు నిల్వ ఉండే అరలో) గుండ్రంగా పేర్చాడు. ఒకదాని మొన ఇంకోదాన్ని తాకదు, కాబట్టి సూదిమొన గుండ్లు హాయిగా పడతాయి. రిసీవర్ ఎడమ పక్క చిన్న కిటికీలో, ఇత్తడి చక్రం మీద చెక్కిన అంకె లోపల ఎన్ని మిగిలాయో చూపిస్తుంది. పైన ఇంకో చిన్న ముక్క వేలికి తగులుతుంది, లేచి ఉంటే కాక్ అయినట్టు, అంటే పేలడానికి సిద్ధంగా ఉన్నట్టు. చీకట్లో చూడక్కర్లేదు, తడిమితే చాలు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంత ఆలోచించాడా మహానుభావుడు అనిపిస్తుంది.

మరి అదే కొనమని ఎందుకనలేదు? మొదటిది, చెక్క. రిసీవర్ వెనక తోక లాంటి ఇనుప భాగం స్టాక్‌లోకి (భుజానికి ఆనించే చెక్కలోకి) దిగే చోట ఈ పాత రైఫిళ్ళ చెక్క చీలుతుంది. నేను ఒకటి కొని ఇంటికొచ్చి స్క్రూ విప్పి చూస్తే లోపల రెండంగుళాల చీలిక, పైన మైనం పూసి కనబడకుండా చేశారు. దుకాణం పేరు ఎందుకులెండి, విప్పి చూపించమని అడగకపోవడం నా తప్పే. రెండోది, తయారీ 1990ల చివర్లో ఆగిపోయింది. విడిభాగం పోతే పాత సామాను వెతుక్కోవాలి. మూడోది, 300 సావేజ్ తూటాలు కంపెనీలు ఇంకా చేస్తున్నాయి కానీ ప్రతి కొట్లో ఉండవు. సీజన్ ముందురోజు రాత్రి తూటాల డబ్బా ఇంట్లో మరిచిపోయి క్యాంపుకు వెళ్ళారనుకోండి, పక్క ఊరి హార్డ్‌వేర్ షాపులో మేకులు, బకెట్ల పక్కన థర్టీ-థర్టీ డబ్బా దొరుకుతుంది, ఇది దొరకదు.

ఇంకో మాట, మనవాళ్ళు పొరబడే చోటు. పాత 99లు కొన్ని 303 సావేజ్ అనే తూటాకు చేశారు. మన ఊళ్ళలో పోలీసుల భుజాన చూసిన త్రీ నాట్ త్రీ అది కాదు. త్రీ నాట్ త్రీ బ్రిటిష్ తూటా, రెండింటికీ పేరులో అంకె తప్ప పొత్తు లేదు. ఎవరైనా చవగ్గా ఇస్తానంటే గొట్టం మీద ఏం రాసుందో అక్షరం అక్షరం చదవండి.

ఇక వించెస్టర్. జాన్ బ్రౌనింగ్ గీసిన డిజైన్, కనెటికట్‌లోని న్యూ హేవెన్‌లో 1894 నుంచి 2006 దాకా తయారైంది, లెక్క డెబ్బై లక్షలు దాటింది. ఇప్పుడు ఆ పేరుతో జపాన్‌లోని మిరోకు చేస్తోంది, పనితనం బాగుంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. నేను దీన్ని ఎందుకు వదలనో ఒకసారి చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. రిసీవర్ పల్చగా, చదునుగా ఉంటుంది. సరిగ్గా బరువు తూగే చోట వేళ్ళు చుట్టూ పట్టేస్తాయి. ఆరున్నర పౌండ్లు ఉంటుందేమో, ఒంటిచేత్తో చేతికర్రలా పట్టుకుని రోజంతా కొండ ఎక్కొచ్చు. నేను ఒకచోట కూర్చునే మనిషిని కాదు. పది అడుగులు వేసి, ఐదు నిమిషాలు ఆగి, మళ్ళీ పది అడుగులు వేస్తూ గాలికి ఎదురు నడుస్తాను. ఆ రకం వేటకు దీనికి మించింది లేదు.

1964 అనే అంకె చుట్టూ మీకు బోలెడు పురాణం వినబడుతుంది. ఆ ఏడు ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీ తయారీ మార్చింది. చెక్కి చేసే కొన్ని భాగాలను రేకుతో అచ్చుపోశారు, గట్టి పిన్నుల చోట బోలు పిన్నులు వేశారు. అందుకే అంతకుముందు చేసినవాటికి ధర ఎక్కువ. మీరు చూసినది ఆ తర్వాతిది. గుండు మాత్రం రెండింటిలోంచీ ఒకేలా పోతుంది. రిసీవర్ లోహం మారడం వల్ల మళ్ళీ నల్లరంగు వేయిస్తే సరిగా పట్టదు, అంతే. లీవర్ లాగినప్పుడు కొంచెం గలగలమంటుంది. నాదీ అలాంటిదే, నాకు బాగానే ఉంది.

ఇబ్బంది అంతా కన్ను దగ్గర. 1982 ముందరి వించెస్టర్లు ఖాళీ తూటాను నెత్తిమీదుగా నిట్టనిలువుగా ఎగరేస్తాయి. స్కోప్‌ను, అంటే గురి చూసే దుర్భిణిని, పైన సరిగ్గా మధ్యలో పెడితే ఆ తూటా దానికే తగులుతుంది. పక్కకు జరిపి పెట్టాలి, లేదా గొట్టం మీద ముందుకు పెట్టాలి, రెండూ కొత్తవాళ్ళకు చెంప ఆనక తిప్పలు. అందుకని దీన్ని ఇనుప సైట్లతోనే, అంటే గొట్టం మీద గురి చూసే గాడి, పూసలతోనే వాడాలి. వెనక గాడి, ముందు పూస, దూరంగా జింక, మూడు దూరాల్లో మూడు వస్తువులు, కన్ను ఒక్కదాన్నే స్పష్టంగా చూడగలదు. కళ్ళజోడు మంచుకు మసకబారితే ఆ ఒక్కటీ పోతుంది. జింకలు ఎక్కువగా కదిలేది తెల్లవారీ తెల్లవారకముందు, పొద్దుగుంకే వేళ. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కొట్టడానికి అనుమతి ఉంటుంది కానీ ఆ వెలుగులో పూస కనబడదు. నలభై ఐదు దాటాక నాకూ గాడి మసకైంది. గాడి తీసేసి చిన్న రంధ్రం ఉండే పీప్ సైట్ పెట్టించుకున్నాక మళ్ళీ దారిన పడ్డాను.

మార్లిన్ 336 దీన్ని మొదటి నుంచే పరిష్కరించింది. 1948లో వచ్చిన ఈ రైఫిల్ రిసీవర్ పైభాగం గట్టిగా మూసి ఉంటుంది, ఖాళీ తూటా కుడి పక్కకు పడుతుంది. మరీ తొలినాటివి తప్ప మిగతావాటికి స్కోప్ స్క్రూలకు రంధ్రాలు ఫ్యాక్టరీలోనే వేసి ఇచ్చారు. చిన్నపాటి 4ఎక్స్ స్కోప్ (నాలుగు రెట్లు పెద్దగా చూపేది) చాలు, పెద్ద స్కోప్‌లు వద్దు. స్కోప్‌లో జింకా, గీతా ఒకే చోట కనబడతాయి. మసక వెలుగులో కొమ్ములు లెక్కపెట్టుకోవచ్చు, ఇది మామూలు విషయం కాదు. ఈ రాష్ట్రంలో చాలాచోట్ల పెద్దవాళ్ళు కొట్టే మగ జింకకు ఒక కొమ్ముకు కనీసం మూడు మొనలు ఉండాలి, ఉన్నాయో లేవో తెలియకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. స్కోప్ బిగించాక హ్యామర్ మీదికి బొటనవేలు పోవడానికి చోటు తగ్గుతుంది. హ్యామర్‌కు పక్కకు పొడుచుకొచ్చే చిన్న ముక్క దొరుకుతుంది, తప్పకుండా బిగించండి.

శుభ్రం చేయడంలో కూడా ఇదే నయం. మార్లిన్‌కు లీవర్ దగ్గర ఒక్క స్క్రూ తీస్తే లీవరూ, తూటాను వెనక నుంచి మూసే బోల్టూ బయటికి వచ్చేస్తాయి, గొట్టాన్ని వెనక నుంచి తుడవొచ్చు. తీసేటప్పుడు లోపల నుంచి ఒక చిన్న ఇనుప ముక్క, ఎజెక్టర్, జారి కిందపడుతుంది, కింద పాత తువ్వాలు పరిచి చేయండి. వించెస్టర్‌ను విప్పడం నాకు చేతనైనా నాకిష్టం లేని పని, ముందు నుంచే బ్రష్ తోసేస్తుంటాను. బరువు మాత్రం మార్లిన్‌దే ఎక్కువ, ఏడు పౌండ్లు, స్కోప్‌తో ఇంకా కొంచెం. మంచె ఎక్కి కూర్చునేవాడికి ఆ బరువు అడ్డు కాదు, పేలినప్పుడు భుజానికి తగిలే తన్ను కూడా తగ్గుతుంది.

దీనికీ ఒక జబ్బుంది. బాగా వాడిన వాటిలో తూటాను పైకెత్తే భాగం అరిగి, రెండో తూటా దాని కిందికి దూరి లీవర్ మధ్యలో బిగుసుకుపోతుంది. దుకాణంలోనే డమ్మీ తూటాలు ఐదు అడిగి వేసి, లీవర్‌ను నాలుగైదు విడతలు ఆడించి చూడండి. సుతారంగా ఆడించకండి, ఈ తుపాకులు గట్టిగా, ఒకే ఊపులో ఆడిస్తేనే సరిగా పనిచేస్తాయి.

కారు సంగతి మరిచిపోయేవాడిని. లోడ్ చేసిన రైఫిల్ కారులో పెట్టడం ఇక్కడ నేరం, పేలబోయే తూటా ఉండే ఛాంబర్ ఒక్కటే కాదు, మ్యాగజైన్ కూడా ఖాళీగా ఉండాలి. గొట్టం మ్యాగజైన్ తుపాకుల్లో అన్ని తూటాలనూ లీవర్‌తో ఒక్కొక్కటిగా బయటికి తీయాలి. చీకటి పడ్డాక, చలిలో, అలసిపోయి చేసే పని అది. వేలు ట్రిగ్గర్‌కు దూరంగా, గొట్టం నేల వైపు ఉంచి, తూటాలు జాకెట్ మీద పడేలా చేసి లెక్కపెట్టండి. ఆరు వేస్తే ఆరు రావాలి. కొత్తగా చేసే హెన్రీ లీవర్ రైఫిళ్ళలో ముందు నుంచి ఇత్తడి గొట్టం లాగి తూటాలన్నీ ఒకేసారి ఒంపేయొచ్చు. ఆ ఒక్క సుఖం కోసం దాన్ని కొన్నవాళ్ళు నాకు తెలుసు, తప్పు పట్టను.

మీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి కొనుగోలుకు వీసా అడ్డు లేదు. కానీ ఇది చదివే మిగతా మనవాళ్ళ కోసం: హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నిషేధం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉంది. స్నేహితుడి తుపాకీ రేంజిలో ఒకసారి పట్టుకోవడం కూడా ఈ లెక్కలోకి వస్తుంది. దుకాణంలో నింపే 4473 ఫారంలో తప్పు రాస్తే అది క్రిమినల్ కేసు, ఇమిగ్రేషన్‌కు కూడా చుట్టుకుంటుంది. ముందు లాయర్‌ను అడగండి.

తూటాల్లో 150 లేదా 170 గ్రెయిన్ల మామూలు మెత్తమొన గుండ్లు ఏ కంపెనీవైనా సరే. హార్నడీ వాళ్ళు 2000ల మధ్యలో రబ్బరులా వంగే సూదిమొన తెచ్చారు, గొట్టం మ్యాగజైన్‌లో అది ప్రమాదం కాదు, దూరం కొంచెం కలిసొస్తుంది. కొన్ని పాత తుపాకులు దాన్ని ఇష్టపడవు. రెండు రకాలు ఒక్కో డబ్బా కొని ఏది గుంపుగా పడుతుందో రేంజిలో చూసుకోండి. బల్ల మీద ఆనించి గురి సరిచేశాక, మిగతా తూటాలన్నీ నిలబడి, మోకాలి మీద కూర్చుని కాల్చండి. అడవిలో బల్ల ఉండదు.

దుకాణానికి వెళ్ళేటప్పుడు మీ చలికాలం జాకెట్, దాని మీద ఆరెంజ్ వెస్ట్ వేసుకుని వెళ్ళండి. సెప్టెంబరులో నలుగురూ నవ్వుతారు, నవ్వనివ్వండి. టీషర్టు మీద సరిగ్గా కుదిరిన స్టాక్ డిసెంబరులో చంకలో ఇరుక్కుంటుంది. కళ్ళు మూసుకుని తుపాకీ భుజానికి ఎత్తి, కళ్ళు తెరవండి. స్కోప్‌లో నిండు వలయం కనబడితే సరే, నల్లటి నెలవంక కనబడితే స్కోప్‌ను పట్టి ఉంచే మౌంటు మార్చమనండి.

ఆ మార్లిన్ గొట్టం మీద, రిసీవర్‌కు దగ్గర్లో, చిన్న వలయంలో జేఎం అనే ముద్ర ఉందేమో చూడండి, ఉంటే పాత కనెటికట్ ఫ్యాక్టరీ గొట్టం. సీరియల్ నంబరులో మొదటి రెండంకెలు కూడా రాసుకోండి. 1973 నుంచి చేసినవాటికి ఆ రెండంకెలను 100లోంచి తీసేస్తే తయారైన ఏడు వస్తుంది, 23 అని ఉంటే 1977. ఆ రెండంకెలు, దుకాణం వాడు చెప్పిన ధర ఇక్కడ పెట్టండి, ఎంతకు అడగాలో చెప్తాను.